ఊళ్లు మారుతూ ఆడిన డిఫెన్స్‌మ్యాన్‌ది కూడా గొప్ప కెరీరేనా?

ప్రశ్న: ఐస్ హాకీలో గోల్స్ పెద్దగా కొట్టకుండా, ఏ జట్టులోనూ స్థిరపడకుండా, పదిహేనేళ్లపాటు ఊళ్లు మారుతూ ఆడిన డిఫెన్స్‌మ్యాన్‌ది విజయవంతమైన కెరీర్ అనవచ్చా?

నిస్సందేహంగా అనవచ్చు. నేను ఐస్ మీద కాలు పెట్టినవాణ్ణి కాను. ఉద్యోగరీత్యా నార్త్ కరోలినాలోని కేరీ పట్టణంలో కొన్నేళ్లు ఉండి, పక్కనే ఉన్న రాలీ నగరంలో, ఎన్‌హెచ్‌ఎల్ అనే ఉత్తర అమెరికా హాకీ లీగ్‌లో ఆడే కరోలినా హరికేన్స్ జట్టు ఆటలు చూసినవాణ్ణి మాత్రమే. ఆ జట్టు 2009 తరువాత మళ్లీ 2019 దాకా ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. అందువల్ల వారం మధ్యలో టికెట్లు చవకగా దొరికేవి, కుర్చీలు వరుసలకు వరుసలే ఖాళీగా ఉండేవి, పార్కింగ్ రుసుము మాత్రం ఏ మొహమాటమూ లేకుండా వసూలు చేసేవారు. డబ్బిచ్చి మరీ చలిలో కూర్చోవడం ఏ రకమైన వినోదమో తనకు అర్థం కాదని మా ఆవిడ ఒక్కసారి కూడా రాలేదు. నేనూ, అప్పటికి ఎనిమిదేళ్ల మా అబ్బాయీ వెళ్లేవాళ్లం.

2015 చలికాలంలో ఒకనాడు మా ఆఫీసులో పనిచేసే కెనడా పెద్దాయన ఒకరు మాతో వచ్చారు. చిన్నతనమంతా హాకీ ఆడిన మనిషి. మావాడు పక్ అనే ఆ రబ్బరు బిళ్ల ఎటు పోతే అటు తల తిప్పుతూ ఉంటే ఆయన వారించి, కాసేపు పక్‌ను వదిలేసి అరవై అయిదో నంబరు ఆటగాణ్ణి మాత్రమే చూడమన్నారు. ఆ ఆటగాడు రాన్ హెయిన్సీ. ఇంతలో మా జట్టులో ఒకరికి రెండు నిమిషాల పెనాల్టీ పడి, నలుగురే అయిదుగురిని ఎదుర్కోవలసి వచ్చింది. హెయిన్సీ గోల్ ముందు మోకాళ్లు కొద్దిగా వంచి, స్టిక్‌ను ఐస్‌కు ఆనించి, కబడ్డీలో రైడర్ కూత ఆగేదాకా ఓపిక పట్టే కార్నర్ ఆటగాడిలా నిలబడ్డాడు. పక్ ఉన్నవాడి మీదకు ఉరకలేదు. ఆ పక్ ఎవరికి అందితే ప్రమాదమో ఆ దారిలో అరడుగు ఇటూ, అరడుగు అటూ జరుగుతూ స్టిక్‌ను అడ్డం పెట్టాడు, అంతే. చివరికి వాళ్లు విసుగెత్తి కొట్టిన పక్ అతని స్టిక్‌కు తగిలి మూలకు పోయింది. అతను దాన్ని అద్దానికేసి కొట్టి, అవతలి కొసదాకా పంపేసి, రొప్పుతూ బెంచి మీద కూర్చున్నాడు. ఒక్క చప్పట్ల చప్పుడు కూడా వినబడలేదు. "నాన్నా, ఆయన అసలు ఏమీ చెయ్యలేదు కదా!" అన్నాడు మావాడు. పెద్దాయన వాడిని ఒకే మాట అడిగారు: ఆయన ఐస్ మీద ఉన్న ఆ ముప్పావు నిమిషంలో మన గోలీ ఎన్నిసార్లు పక్ ఆపవలసి వచ్చింది? మావాడు చాలాసేపు ఆలోచించి, ఒక్కసారి కూడా లేదన్నాడు.

ఇంటికి వచ్చి అతని కథంతా వెతికి చదివాను. జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2000లో మాంట్రియల్ జట్టు అతణ్ణి 13వ స్థానంలో ఎంచుకుంది. అంత ఆశతో తీసుకున్నవాడిని కింది లీగ్‌కూ పై లీగ్‌కూ మధ్య తిప్పి, నలభై మ్యాచ్‌లు కూడా ఆడించకుండానే 2005లో వేవర్స్ మీద పెట్టింది. వేవర్స్ అంటే, కావలసినవారు ఒక రోజులోగా వచ్చి, బదులుగా ఏ ఆటగాణ్ణీ ఇవ్వకుండానే తీసుకుపోవచ్చని మిగతా జట్లన్నిటికీ చాటడం. ఇరవై నాలుగేళ్ల మనిషికి అంతకు మించిన చిన్నతనం ఏముంటుంది? కొలంబస్ తీసుకుంది. 2008లో అట్లాంటా అయిదేళ్లకు రెండు కోట్ల పాతిక లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఇంత డబ్బు వచ్చినవాడి మీద జాలి దేనికని అడగవచ్చు, నేనూ జాలి పడమనడం లేదు. కానీ 2011లో ఆ జట్టునే అమ్మేసి విన్నిపెగ్‌కు తరలించారు. అప్పుడు ఊరు మారింది అతను కాదు, జట్టే.

అతని దురదృష్టం మరో రకంగా కూడా వెంటాడింది. కొలంబస్‌ను అతను వదిలిన మరుసటి ఏడే ఆ జట్టు చరిత్రలో మొదటిసారి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. అట్లాంటా వెళ్లింది అతను రాకముందు, విన్నిపెగ్ వెళ్లింది అతను పోయాక. జట్ల యజమానులు ఆటనే ఆపేసిన 2012–13 లాకౌట్‌లో ఆటగాళ్ల తరఫున చర్చల్లో గట్టిగా నిలబడినవారిలో అతనొకడు. అది ముగిశాక వచ్చిన వేసవిలో అతని కాంట్రాక్టు అయిపోతే, సెప్టెంబరు దాకా ఏ జట్టూ పిలవలేదు. చివరికి కరోలినా ఒక్క ఏడాదికి తీసుకుంది. ఈ రెంటికీ సంబంధం లేదని ఎవరైనా అంటే నేను నమ్మను.

మనవాళ్లతో నాకున్న పేచీ ఇక్కడే. ఇండియా నుంచి ఫోన్ చేసే ప్రతి బంధువూ "ఇంకా కాంట్రాక్టేనా బాబూ, పర్మనెంట్ కాలేదా?" అని అడుగుతారు. చేతకానివాడే చోట్లు మారతాడని మన లెక్క. హెయిన్సీ ఎనిమిది నగరాల తరఫున పదిహేడు సీజన్లలో 1,132 మ్యాచ్‌లు ఆడాడు. గోల్ వేయని తప్పు ఎవరికీ గుర్తుండదు కానీ, డిఫెన్స్‌మ్యాన్ చేసిన తప్పు, గోల్ పడగానే వెలిగే ఎర్ర దీపమై వెలుగుతుంది. అలాంటి స్థానంలో ఒక కోచ్‌ను ఏమార్చవచ్చునేమో గాని, ఎనిమిది ఊళ్ల కోచ్‌లను పదిహేడు సీజన్లపాటు ఏమార్చడం ఎవరి తరమూ కాదు.

2017 ఫిబ్రవరిలో కరోలినా అతణ్ణి పిట్స్‌బర్గ్‌కు ఇచ్చేసింది. ఆ ఏడాది ప్లేఆఫ్స్ మొదలయ్యేసరికి అతను 907 మ్యాచ్‌లు ఆడి, ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఎరగడు. ఆ లీగ్‌లో మొదటి ప్లేఆఫ్ మ్యాచ్ కోసం అన్ని ఆటలు ఎదురుచూసినవాడు అప్పటిదాకా మరొకడు లేడు. మెడ గాయంతో పిట్స్‌బర్గ్ ప్రధాన డిఫెన్స్‌మ్యాన్ క్రిస్ లెటాంగ్ ఆ ప్లేఆఫ్స్‌కు పూర్తిగా దూరం కావడంతో, ముప్పై ఆరేళ్ల హెయిన్సీకి బరువైన బాధ్యతే దక్కింది. మొదటి ప్రత్యర్థి ఒకప్పుడు తనను వేవర్స్ మీద తీసుకుపోయిన కొలంబస్సే.

జూన్ 11 రాత్రి నాష్‌విల్‌లో పిట్స్‌బర్గ్ 2–0తో గెలిచి, లీగ్ విజేత అయింది. మేము ఇంట్లో టీవీ ముందు ఉన్నాం. విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్‌ను మొదట కెప్టెన్ ఎత్తి, తరువాత తనకు నచ్చిన ఆటగాడికి అందించడం అక్కడి ఆచారం. కెప్టెన్ సిడ్నీ క్రాస్బీ దాన్ని ఎత్తి, ఒక చుట్టు తిరిగి, నేరుగా హెయిన్సీ చేతిలో పెట్టాడు. "నాన్నా, అరవై అయిదు!" అని మావాడు సోఫా మీదకు ఎక్కేశాడు. ఆ వెంటనే సందేహం వచ్చి, ఇప్పుడాయన మన జట్టు కాదు కదా, చప్పట్లు కొట్టవచ్చా అని అడిగాడు. అప్పటికే వంటింటి గుమ్మంలో నిలబడి వాళ్లమ్మ కొడుతోంది.