పన్నెండేళ్ల కిందట తీరిన కార్డు బాకీ మళ్లీ లేస్తే ఏం చేయాలి?

ప్రశ్న: ఖమ్మంలో ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌ని. వయసు 46. హైదరాబాద్‌లో పనిచేసే రోజుల్లో, 2011లో, ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు తీసుకున్నాను. 2013 జూన్‌లో బాకీ మొత్తం రూ.21,400 చెక్కు ఇచ్చి కార్డు మూసేశాను. నో డ్యూస్ లెటర్ కూడా ఇచ్చారు. ఇప్పుడు ఇంటి కోసం 28 లక్షల లోనుకు వెళితే సిబిల్‌లో స్కోరు 641 అంటున్నారు. ఆ పాత కార్డు ఒక అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీ (ఏఆర్‌సీ, అంటే బ్యాంకుల మొండిబాకీలు కొనే సంస్థ) పేరు మీద కనిపిస్తోంది. ‘రిటెన్ ఆఫ్ 21,400, ప్రస్తుత బాకీ 1,16,380’ అని ఉంది. రిటెన్ ఆఫ్ అంటే వసూలు కాదని బ్యాంకు లెక్కల్లోంచి తీసేసిన బాకీ అట. ఏజెంటు ఒకాయన రోజూ ఫోన్ చేసి, 15 వేలు కడితే ఎన్‌ఓసీ ఇప్పిస్తానంటున్నాడు. ‘15 వేలే కదా బావా, వాడి మొహాన కొట్టి వదిలించుకో’ అంటున్నాడు మా బావమరిది. ఇంటికి రెండు లక్షలు బయానా ఇచ్చాం. రిజిస్ట్రేషన్‌కి రెండు నెలలే ఉంది. కట్టేయమంటారా?

జవాబు: కట్టొద్దు. ఈ నెల కట్టొద్దు, ఆ ఏజెంటుకు అసలే కట్టొద్దు. మీ బావమరిది చెప్పింది ప్రేమతోనే అయినా, ఆ 15 వేలతో మీ ఇంటి లోను దగ్గరపడదు, ఇంకా దూరమవుతుంది.

మన ఊళ్లలో ప్రామిసరీ నోటు వ్యవహారం మీరు చూసే ఉంటారు. కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించుకుంటారు, అప్పు తీరగానే నోటు వెనక్కి తీసుకుని చింపేస్తారు. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది కాబట్టి, అప్పిచ్చినవాడు గడువు లోపే వచ్చి నోటు తిరగరాయమంటాడు. మీ విషయంలో జరుగుతున్నది ఏమిటంటే, మీరు చింపేసిన నోటును ఎవరో అతికించి తెచ్చారు. పైగా దాన్ని తిరగరాయమంటున్నారు. 15 వేలు కట్టేటప్పుడు ‘సెటిల్‌మెంట్ లెటర్’ అని ఒక కాగితం ఇస్తే, దాని మీద మీరు పెట్టే సంతకం అదే.

ఇది పోలిక కోసం చెప్పిన మాట కాదు, చట్టం కూడా ఇంచుమించు అలాగే చూస్తుంది. కాలపరిమితి చట్టం (1963) ప్రకారం ఇలాంటి బాకీలకు దావా వేసే గడువు మామూలుగా మూడేళ్లు. అది దాటాక మిమ్మల్ని కోర్టుకు లాగడం కష్టం. కానీ గడువు దాటిన బాకీని ‘ఇంత కడతాను’ అని కాగితం మీద ఒప్పుకుని సంతకం చేస్తే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది కొత్త ఒప్పందంగా నిలబడుతుంది. లేని అప్పుకు మీరే ప్రాణం పోసినట్టు.

రెండో నష్టం రిపోర్టులో. మీరు 15 వేలు కట్టగానే ఆ ఖాతా ‘సెటిల్డ్’ అని మారుతుంది. సెటిల్డ్ అంటే ‘ఇతను బాకీ ఉన్నాడు, పూర్తిగా కట్టలేక కొంత తగ్గించుకున్నాడు’ అని. ఇంటి లోను ఇచ్చే బ్యాంకులకు ఆ మాట నచ్చదు. మీకు రావాల్సిన మాట ‘క్లోజ్డ్’, బాకీ సున్నా. ఒకసారి సెటిల్డ్ అయ్యాక ‘అసలు నాకు బాకీయే లేదు’ అంటే ఎవరూ వినరు. మరి ఎందుకు కట్టావు అంటారు.

ఇక మీరు రాసిన అంకెలు. రిటెన్ ఆఫ్ మొత్తం సరిగ్గా 21,400. మీ చెక్కు కూడా సరిగ్గా 21,400. అది చూడగానే సగం కథ అర్థమైంది. మీ చెక్కు పాస్ కాకముందు తీసిన ఏదో పాత జాబితాలో మీ ఖాతా మొండిబాకీగా ఉండిపోయి ఉంటుంది. బ్యాంకులు ఇలాంటి చిన్న కార్డు బాకీలను ఒక్కొక్కటిగా అమ్మవు, వేల ఖాతాలు కలిపి ఒకే షీటులో ఏఆర్‌సీలకు అమ్ముతాయి. కొన్నవాళ్ల దగ్గర మీ నో డ్యూస్ లెటర్ ఉండదు, ఆ షీటులో ఒక వరుస ఉంటుంది. దాని మీద వడ్డీ లెక్కేసుకుంటూ పోతే 1,16,380 అవుతుంది. పాత బాకీలు ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడే ఎందుకు కనిపిస్తున్నాయని చాలామంది అడుగుతున్నారు. ఏఆర్‌సీలన్నీ సిబిల్ లాంటి నాలుగు క్రెడిట్ బ్యూరోల్లోనూ (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు) సభ్యులు కావాలని, సమాచారం పంపాలని 2024 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆదేశం మంచిదే. షీటులో ఉన్న చెత్త కూడా దాంతోపాటే వస్తుంది.

ముందు రిపోర్టులు తీయండి. సిబిల్ ఒక్కటి చాలదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్ కూడా. ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ప్రతి బ్యూరో ఉచితంగా ఇవ్వాలి. లోను ఇప్పిస్తామనే యాప్‌లలో స్కోరు చూసుకుని ఆగిపోకండి, పూర్తి రిపోర్టు పీడీఎఫ్ కావాలి. అందులో ఆ ఖాతా దగ్గర చివరి చెల్లింపు తేదీ, రిపోర్టు చేసిన తేదీ, సంస్థ పేరు, ఖాతా నంబరు కాగితం మీద రాసుకోండి. బ్యాంకు పేరుతో ఒకసారి, ఏఆర్‌సీ పేరుతో ఒకసారి, ఒకే బాకీ రెండుసార్లు ఉందేమో కూడా చూడండి. అలా ఉంటే రెండింటి మీదా డిస్ప్యూట్ (తప్పు సరిచేయమని బ్యూరోకి పెట్టే ఫిర్యాదు) వేయాలి.

డిస్ప్యూట్ ఫారంలోనే చాలామంది పప్పులో కాలేస్తారు. ‘ఈ ఖాతా నాది కాదు’ అని ఒక ఆప్షన్ ఉంటుంది. కోపంలో అదే నొక్కుతారు. మీరు నొక్కొద్దు. కార్డు మీదే, మీ పాన్‌తోనే తీసుకున్నారు. వాళ్లు పేరు, పాన్, పుట్టిన తేదీ సరిచూసి ‘ఖాతా ఇతనిదే’ అని కొట్టేస్తారు. మీ తగాదా ఖాతా ఎవరిదన్న దాని మీద కాదు, ఖాతా స్థితి మీద, బాకీ అంకె మీద, మూసిన తేదీ మీద. ఆ మూడింటి మీదే డిస్ప్యూట్ వేయండి. దీనికి ఎక్కడా పైసా ఫీజు లేదు. ‘సిబిల్ క్లీన్ చేస్తాం’ అని ఫోన్ నంబరుతో పాంప్లెట్లు వేసేవాళ్లు చేసేదీ ఇదే ఫారం నింపడం, దానికే వేలల్లో తీసుకుంటారు.

ఒక సంగతి ముందే చెబుతున్నాను, మొదటిసారి తిరస్కరిస్తే కంగారుపడకండి. బ్యూరో తనంతట తాను ఒక అంకె కూడా మార్చదు, సమాచారం పంపిన సంస్థను అడుగుతుంది. అక్కడ కూర్చున్న మనిషి మళ్లీ అదే షీటు చూసి ‘కరెక్టే’ అంటాడు. నా సొంత రిపోర్టులోనే, ఎప్పుడో తీరిపోయిన వాషింగ్ మెషీన్ లోను మీద మూడు రూపాయలు ‘ఓవర్‌డ్యూ’ అని చాలాకాలం వేలాడింది. ఊరందరికీ సలహాలు చెప్పే నాకే! మొదటి డిస్ప్యూట్‌కి ‘సభ్య సంస్థ సమాచారాన్ని ధ్రువీకరించింది’ అని ఒక్క లైను జవాబు వచ్చింది. లోను క్లోజర్ లెటర్ జతచేసి ఆ సంస్థ నోడల్ ఆఫీసరుకు (ఫిర్యాదులు చూసే అధికారి) మెయిలు పెట్టాకే కదిలింది.

అందుకే మీరు ఒకే రోజు మూడు చోట్లకు రాయండి: బ్యూరోకి ఆన్‌లైన్ డిస్ప్యూట్, అసలు కార్డిచ్చిన బ్యాంకు నోడల్ ఆఫీసరుకు ఒక మెయిలు, ఏఆర్‌సీ గ్రీవెన్స్ ఆఫీసరుకు ఒక మెయిలు. ఆ కార్డిచ్చిన బ్యాంకు ఇప్పుడు ఆ పేరుతో లేకపోతే, దాన్ని కలుపుకున్న బ్యాంకుకు రాయాలి. ఆంధ్రా బ్యాంకు కాగితాలున్నవాళ్లు యూనియన్ బ్యాంకుకు (2020 ఏప్రిల్ 1 నుంచి), సిటీ బ్యాంకు కార్డు కాగితాలున్నవాళ్లు యాక్సిస్‌కు (2023 మార్చి 1 నుంచి) రాసినట్టు.

మెయిలు ఇంగ్లీషులో పొట్టిగా ఉండాలి. పాతికేళ్ల కష్టాలన్నీ అందులో పెట్టకండి. సారాంశం ఇంతే: ‘ఫలానా కార్డు బాకీ రూ.21,400 ఫలానా నంబరు చెక్కుతో 2013 జూన్‌లో పూర్తిగా చెల్లించాను. నో డ్యూస్ లెటర్ జతచేశాను. ఆ ఖాతా రిటెన్ ఆఫ్ అని తప్పుగా రిపోర్టు అవుతోంది. నాకు ఏ బాకీ లేదు, ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు. ఖాతాను క్లోజ్డ్‌గా, బాకీ సున్నాగా నాలుగు బ్యూరోలకూ పంపండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వండి.’ ఆఖరి వాక్యం వదలకండి. సవరణ అడిగితే కాదన్నప్పుడు కారణం చెప్పాలని 2023 అక్టోబరు 26 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్‌లో ఉంది. ఏఆర్‌సీకి రాసేటప్పుడు ఇంకో ముక్క కలపండి: ఈ బాకీ మీకు బదిలీ అయినట్టు అసైన్‌మెంట్ పత్రం, 2013 నుంచి ఖాతా స్టేట్‌మెంట్ పంపండి అని.

సాక్ష్యం సంగతి. నో డ్యూస్ లెటర్ ఇప్పుడు మీ చేతిలో ఉందా, ‘ఇచ్చారు’ అన్న గుర్తు మాత్రమే ఉందా? మీరు రాసిన తీరులో అది తేలలేదు. ఉంటే ఈ రోజే స్కాన్ చేయండి, అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి. లేకపోతే చెక్కు ఇచ్చిన సేవింగ్స్ ఖాతాకు సంబంధించి 2013 మే నుంచి ఆగస్టు వరకు స్టేట్‌మెంట్ కావాలని ఆ బ్రాంచికి దరఖాస్తు పెట్టండి. కొంత ఫీజు అడుగుతారు, ‘అంత పాతవి రావండీ’ అని కూడా అంటారు. పట్టుబట్టండి. పాత పాస్‌బుక్‌లో ఆ చెక్కు తాలూకు వరుస కనిపించినా పనికొస్తుంది. మీ అమ్మగారో, ఇంట్లోవాళ్లో పాత పాస్‌బుక్కులు బీరువా అడుగున ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంటారు, ఒకసారి అడిగి చూడండి.

గడువుల లెక్క ఇదీ. మీ ఫిర్యాదు అందాక సమాచారం పంపిన సంస్థకు 21 రోజులు, మొత్తం పరిష్కారానికి 30 రోజులు. 31వ రోజు నుంచి రోజుకు రూ.100 మీకు పరిహారం కట్టాలి. ఇది 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. 75వ రోజుకు తేలితే 45 రోజులకు రూ.4,500. పరిష్కారమయ్యాక అయిదు పనిదినాల్లో మీ ఖాతాలో వేయాలి. ఆ డబ్బుతో ఇల్లు రాదు గానీ, ‘31వ రోజు నుంచి పరిహారం కోరతాను’ అని మెయిలులో ఒక లైను ఉంటే ఫైలు కాస్త చురుగ్గా కదులుతుంది. స్కోరు ఎందుకు తక్కువ వేశారన్న గొడవకు మాత్రం ఇది వర్తించదు. అందుకే ఫిర్యాదులో 641 గురించి రాయకండి, తప్పు వివరం గురించే రాయండి. అది సరిచేస్తే స్కోరు దానంతటదే కదులుతుంది.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విని తీర్పు చెప్పే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. బ్యాంకు మీదా చేయొచ్చు, 2022 సెప్టెంబరు 1 నుంచి క్రెడిట్ బ్యూరోల మీదా చేయొచ్చు. రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితం, లాయరు అక్కర్లేదు. సందేహాలకు 14448కి ఫోన్ చేయండి. మొదట సంస్థకు ఫిర్యాదు చేసిన రుజువు అడుగుతారు కాబట్టి ఆ మెయిళ్లు డిలీట్ చేయకండి.

‘ఏడేళ్లు దాటితే రిపోర్టులోంచి పోతుంది కదా’ అని మీకు ఎవరో ఒకరు చెబుతారు. బ్యూరోలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలన్నదే నిబంధన. ఏడేళ్లకు చెరిపేయాలని కాదు. కాలదోషం పట్టిన బాకీ కూడా రిపోర్టులోంచి దానంతటది పోదు. కాబట్టి కూర్చుని ఎదురుచూసే దారి లేదు.

మరి రెండు నెలల గడువు? నన్నడిగితే అసలు టెన్షన్ అదే. లోను బ్రాంచి మేనేజరు దగ్గరికి నో డ్యూస్ లెటర్, డిస్ప్యూట్ నంబరు పట్టుకుని మీరే స్వయంగా వెళ్లండి. ఫైలు తిరస్కరించకుండా పెండింగ్‌లో ఉంచమనండి. కాగితం గట్టిగా ఉంటే కొందరు పై ఆఫీసుకు రాసి ముందుకు తీసుకెళ్తారు, అందరూ కాదు. ఈలోగా నాలుగైదు బ్యాంకులకు దరఖాస్తులు పెట్టకండి, ప్రతి దరఖాస్తూ రిపోర్టులో ఎంక్వయిరీగా పడుతుంది. ఇల్లు అమ్మేవాళ్లతో చేసుకున్న అగ్రిమెంటులో గడువు పొడిగింపు గురించి, లోను రాకపోతే బయానా సంగతేమిటన్న దాని గురించి ఏం రాసుందో ఈ రాత్రే చదవండి. ఏమీ లేకపోతే ఇప్పుడే వాళ్లతో మాట్లాడి ఇంకో 45 రోజులు రాతపూర్వకంగా తీసుకోండి. ఆఖరి వారంలో అడిగితే బేరం వాళ్ల చేతిలో ఉంటుంది.

ఏజెంటు రేపు మళ్లీ ఫోన్ చేస్తాడు. వాళ్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదు, చేస్తే టైము రాసిపెట్టుకుని మెయిలులో జతచేయండి. గొడవపడకండి, ‘చూద్దాం’, ‘తర్వాత కడతా’ లాంటి మాటలు నోట రానీయకండి. యూపీఐ లింకు పంపితే నమ్మకం కోసం ఒక్క రూపాయి కూడా వేయొద్దు. ‘నాకు బాకీ లేదు. మీ కంపెనీకి మెయిలు పెట్టాను. అసైన్‌మెంట్ కాగితం పంపించమనండి’ అని చెప్పి పెట్టేయండి.