యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుకి సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ కొనొచ్చా? ముందు మీ పాత ఇంజిన్ ఎవరికీ ఇవ్వకండి

మీరు అడిగింది: విజయనగరంలో ఉన్న నాన్నగారి 1993 ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ పట్టేసింది, అంటే పిస్టన్ సిలిండర్‌లో ఇరుక్కుపోయింది. విశాఖలో ఒకరు పాత ఇంజిన్ 28 వేలకు ఇస్తామంటున్నారు, మీది వాళ్లకిచ్చేస్తే 4 వేలు తగ్గిస్తారట. తీసుకోవచ్చా అని.

కొనడం సంగతి తర్వాత చూద్దాం. మీ ఇంజిన్ మాత్రం ఇవ్వకండి. దాని క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది భాగపు పెట్టె) మీదున్న నంబరే మీ ఆర్‌సీలో ఉంటుంది. అది చేయి దాటితే నాన్నగారి బండి కాగితాల్లో ఒకటి, రోడ్డు మీద ఒకటి అవుతుంది.

నాది 1989 బండి. 2018లో క్రాంక్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) పోయింది. సిరిమాను పండగకి ఇంటి నిండా చుట్టాలు, బండి లేకపోతే కుదరదన్న తొందరలో ఒక పాత సామాన్ల షెడ్డులో 19 వేలకు ఇంజిన్ కొన్నాను. వేరే బండికి బిగించి స్టార్ట్ చేసి చూపించారు. ఆ మోత వినగానే ఇంకేమీ చూడాలనిపించలేదు.

ఇంటికి తెచ్చాక మా మెకానిక్ కిరోసిన్ గుడ్డతో నంబరున్న చోట తుడిచాడు. చుట్టూ సన్నగా ఆకురాయి గీతలు. అంకెల్లో ఒకటి లోతుగా, ఒకటి పైపైన, చివరిది పక్కకి వాలి ఉంది. "ఇది కంపినీ కొట్టింది కాదు బాబూ. ఎవుడో గీకీసి మళ్లీ కొట్టీసేడు" అన్నాడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. అమ్మినవాళ్లు రెండుసార్లు ఫోన్ ఎత్తి తర్వాత మానేశారు. ఆ ఇంజిన్‌ని పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా అప్పగించేశాను. 19 వేలూ పోయినట్టే. మా పాత ఇంజిన్ పెరట్లో రేకు కింద ఉండబట్టి బండి బతికింది. కొత్త రాడ్ కిట్, బోరింగ్ (సిలిండర్ లోపల చెక్కి సమం చేయడం), పిస్టన్, సీళ్లు వేయించి దాన్నే బిగించాం. 2019లో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే అక్కడ మొదట చూసింది ఇంజిన్, ఛాసిస్ నంబర్లే. పదిహేనేళ్లు దాటిన బండికి ప్రతి ఐదేళ్లకూ ఈ రెన్యువల్ తప్పదు కదా.

అందుకే ముందు మీ ఇంజిన్ విప్పించండి. దీని బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మి.మీ. పావు మి.మీ. చొప్పున పెద్ద సైజు పిస్టన్లు 1 మి.మీ. దాకా దొరుకుతాయి. ఇంతకుముందు ఎన్ని సైజులు బోరింగ్ అయిందో లేత్ షాపులో కొలిపిస్తే తెలిసిపోతుంది. అసలు ఎందుకు పట్టేసిందో కూడా కనుక్కోండి. టూ స్ట్రోక్ కాబట్టి పిస్టన్‌కి ఆయిల్ పంపు నుంచే అందాలి. పంపు సరిగ్గా పోయకపోయినా, క్రాంక్ చివర ఉండే మాగ్నెట్ వైపు సీల్ గాలి లాగినా మళ్లీ పట్టేస్తుంది. కారణం వదిలేసి పిస్టన్ ఒక్కటే మారిస్తే డబ్బు దండగ.

రాడ్ విరిగి కేసు పగిలిపోయి ఉంటేనే వేరే ఇంజిన్ ఆలోచించండి. ఈ మోడల్ తయారీ 1996లోనే ఆగిపోయింది. అంటే మీకు చూపించే ఇంజిన్ కూడా మీదానంత ముసలిదే. అది ఏ బండిదో ఆ ఆర్‌సీ కాపీ, అమ్మేవాళ్ల ఆధార్ కాపీ, ఇంజిన్ నంబరు వేసి రాసిన రసీదు, ఈ మూడూ లేకపోతే ధర ఎంత తగ్గించినా లేచి వచ్చేయండి. నంబరు దొంగ బండిదా అన్నది జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) వారి వాహన్ సమన్వయ్‌లో చూడొచ్చు. బిగించే ముందే ఆర్టీఓ ఆఫీసులో అనుమతికి పెట్టండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్పు ఆర్‌సీలోకి ఎక్కాలి.

ఇక చూసేటప్పుడు, సైలెన్సర్ విప్పమని, అది బిగించే సిలిండర్ రంధ్రంలోంచి టార్చి వేయండి. పిస్టన్ మీద నిలువు గీతలుంటే అదీ ఒకసారి పట్టేసిందే. మాగ్నెట్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, ఏ కొంచెం ఆడినా క్రాంక్ బేరింగ్ అయిపోయినట్టు. స్ప్రాకెట్ తిప్పుతూ నాలుగు గేర్లూ వేసి చూడండి. కేసు రెండు సగాలూ జత కలిపి తయారు చేసినవి, వేర్వేరు ఇంజిన్లవి కలిపి అతికించారేమో కూడా గమనించండి. భీమిలి, కళింగపట్నం వైపు సముద్రపు గాలికి ఏళ్ల తరబడి ఉన్నవైతే బోల్టులు కేసులోనే విరుగుతాయి, నాకు తెలిసిన ఇద్దరికి అదే జరిగింది.

నేనూ ఒకసారి అమ్మాను. రాజాంలో మా మావయ్య బండి లారీ కింద నలిగిపోయింది, ఇంజిన్ ఒక్కటే మిగిలింది. ముందు ఆర్టీఓలో ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, ఆ కాగితం కాపీతో పాటే పలాస అబ్బాయికి ఇచ్చాం. రసీదు మీద ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. కాగితాలు లేకుండానే ఇంకో 5 వేలు ఎక్కువ ఇస్తానన్నవాడికి మావయ్య ఇవ్వనన్నాడు.

ఈ వారం సిలిండర్ విప్పించి బోరు కొలత ఇక్కడే రాయండి. కేసు ఫొటో కూడా పెట్టండి, నంబరు కనపడకుండా. చూసి చెబుతాను.