విల్లు పట్టడం రాకపోయినా ఆర్చరీ క్లబ్‌లో వాలంటీరుగా పనికొస్తామా?

"మా ఊళ్ళో పిల్లల కోసం ఆర్చరీ క్లబ్ పెట్టారు. నాకు ఆ ఆట గురించి ఏమీ తెలియదు. ఒక ఏడాది వాలంటీరుగా చేరితే ఏం పని చెప్తారు, వారానికి ఎన్ని గంటలు వెళ్ళాలి, నా వల్ల ఉపయోగం ఉంటుందా" అని అడిగారు.

ఉంటుంది. ఆట వచ్చినవాళ్ళ కంటే మీ వల్లే ఎక్కువ ఉంటుందని నా నమ్మకం.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుడతాను. పోయిన దసరా సెలవుల్లో మా అమ్మాయిని క్లబ్‌లో దింపడానికి వెళ్ళాను. ఆ రోజు కోచ్ బాబు ఒక విల్లు తాడు చేత్తో పట్టుకుని తల పట్టుకుని కూర్చున్నాడు. బాణం ఆనించే చోట తాడు మీద ఇంకో దారం దగ్గరదగ్గరగా చుట్టి ఉంటుంది, దాన్ని సర్వింగ్ అంటారు. అది ఊడిపోయింది. నేను తీసుకుని, గుండీకి కాడ చుట్టినట్టు బిగించి చుట్టి, చివర లోపలికి లాగి ముడి వేసి ఇచ్చాను. "అక్కా, మీరు రేపు కూడా రండి" అన్నాడు. అంతే, ఏడాది అయిపోయింది. ఈ ఏడాదిలో నేను వేసిన బాణాలు మూడో నాలుగో. అవి కూడా పిల్లలు పట్టుబడితే వేశాను.

ఏం పని ఉంటుందంటే, మొదటిది గడ్డి పని. మా బట్లు, అంటే టార్గెట్ కాగితం అంటించే దిమ్మెలు, వరిగడ్డితో చేసుకున్నవే. మార్గశిరంలో కోతలయ్యాక గడ్డి వస్తుంది. వెదురు చట్రంలో పనలు అడ్డంగా పేర్చుకుంటూ పోవాలి. ఒక వరస పేర్చగానే నలుగురు పిల్లలు ఎక్కి తొక్కాలి. తాళ్ళతో బిగించి, ముందువైపు గోనె తొడిగి దబ్బనంతో కుట్టాలి. తొక్కడం సరిగ్గా లేకపోతే నెల తిరక్కుండా నడిమిలో మెత్తబడిపోతుంది. బాణం అవతలికి దూసుకుపోతుంది, దాని వెనకాల ఈకల్లా ఉండే మూడు రెక్కలు, వేన్లు అంటారు, గడ్డికి రాసుకుని ఊడిపోతాయి. ఊడిన వేన్లు మళ్ళీ అంటించేదీ నేనే. మూడింటిలో ఒకటి వేరే రంగుది ఉంటుంది, అది విల్లుకి బయటివైపు రావాలి. ఇంకో మాట, బట్లని నేలమీద పెట్టొద్దు, ఇటుకలమీద పెట్టండి. మేము పెట్టక ఒక బట్ మొత్తం చెదలకి అప్పగించాం.

రెండోది లెక్క రాయడం. పోటీలప్పుడు స్కోరు వినిపిస్తే రాసుకునే మనిషి కావాలి. రెండు వలయాల మధ్య గీతకి తగిలిన బాణానికి పెద్ద అంకె ఇవ్వాలి, అంకెలన్నీ రాసేదాకా ఎవరూ బాణాన్ని ముట్టుకోకూడదు. బాణాలు పీకేముందు కాగితం మీద ప్రతి కన్నానికీ పెన్నుతో చిన్న గుర్తు పెట్టాలి. ఎందుకంటే తర్వాత ఒక బాణం తగిలి కింద పడిపోతే, గుర్తు లేని కన్నం దానిదే అని తెలుస్తుంది. ఇవన్నీ ఒక్క పూటలో వచ్చేస్తాయి. పదో తరగతి చదివిన నాకు వచ్చాయి.

మూడోది ఈల. రెండు ఈలలు వేస్తే బాణాలు వేసే గీత దగ్గరికి రావాలి, ఒకటి వేస్తే బాణాలు మొదలుపెట్టాలి, మూడు వేస్తే వెళ్ళి తెచ్చుకోవాలి. గబగబా ఐదు వేస్తే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. మా దగ్గర ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, ఒడియా పిల్లలు, కొండ ఊళ్ళనుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్లలు కలిసి ఉంటారు. తెలుగు పిల్లలు నన్ను పిన్నీ అంటారు, ఒడియా పిల్లలు మావుసీ అంటారు. ఆగండ్రా అని నేను ఏ భాషలో అరిచినా సగం మందికి అర్థమయ్యేలోపు బాణం వెళ్ళిపోతుంది. ఈల మాత్రం అందరికీ ఒకటే.

కానీ అసలు నేను చెప్పాలనుకున్నది నాలుగో పని గురించి. అది బాణాలు లెక్కపెట్టడం.

జూలైలో ఒక శనివారం. మధ్యాహ్నం వాన కురిసి వెలిసింది. సాయంత్రం పదకొండు మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఆరు బాణాలు, మొత్తం 66. సంచిలో పెట్టేటప్పుడు లెక్కపెడితే 65 ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను, 65. తక్కువైంది ఒక సవర అమ్మాయిది. పదమూడేళ్ళు ఉంటాయి. వెదురు విల్లుతో మొదలుపెట్టి, ఆ నెలలోనే క్లబ్ రికర్వ్ విల్లు, అంటే కొసలు ముందుకి వంగి ఉండేది, పట్టుకుంది. కార్బన్ బాణాలు. 30 మీటర్ల నుంచి వేసిన ఆఖరి బాణం చేతిలోంచి కిందకి జారినట్టు వెళ్ళిందని చెప్పింది. బట్ కింద నుంచి గడ్డిలోకి పోయింది.

తెలియనివాళ్ళు బాణం నేలలో నిలబడి ఉంటుందనుకుంటారు. తక్కువ ఎత్తులో వెళ్ళిన బాణం అలా గుచ్చుకోదు. గడ్డి వేళ్ళ కిందకి పాములా దూరి, నేలకి సమానంగా పడుకుంటుంది. మీరు దానిమీద నిలబడినా కనిపించదు. పైగా ఆ బాణానికి ఆకుపచ్చ వేన్లు. ఎవరు కొన్నారో కానీ, దయచేసి మీ క్లబ్‌కి ఆకుపచ్చవి కొనకండి. గులాబీ రంగో, నారింజ రంగో కొనండి.

చీకటి పడుతోంది. పిల్లలు అలసిపోయారు. కోచ్ బాబు "రేపు వెతుకుదాం అక్కా, ఒక్కటే కదా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ మైదానంలోకి తెల్లవారి ఆవులు వస్తాయి. కార్బన్ గొట్టం ఆవు గిట్ట కింద పడి విరిగితే సూదుల్లాంటి పీచులవుతుంది. అది చర్మంలోకి దిగితే తీయడం మహా కష్టం. గడ్డితో పాటు నోట్లోకి పోతే ఇంకేముంది. ఆవులు కాసే తాత మాతో మొదటి నెలలోనే గొడవపడ్డాడు. "అమ్మా, మా తాతలనాటి నుంచి ఇక్కడే మేపుతున్నాం, మీ పుల్లలు మా పశువు కాల్లో దిగితే ఎవరిస్తారు" అని గట్టిగా అడిగాడు. న్యాయంగానే అడిగాడు. ఒక్క బాణం కూడా వదిలి వెళ్ళం అని మాటిచ్చింది నేనే.

ఆ రాత్రి ఎనిమిదిదాకా ఫోన్ లైట్లతో వెతికాం. దొరకలేదు. ఇంటికెళ్ళానేగానీ నిద్ర పట్టలేదు. ఒకటే టెన్షన్. ఉదయం ఐదుకల్లా పలుగొర్రు తీసుకుని వెళ్ళాను. మా అమ్మాయి, కోచ్ బాబు వచ్చారు. ఆ సవర అమ్మాయి హాస్టల్ వార్డెన్‌ని అడిగి నడుచుకుంటూ వచ్చింది.

కాసేపటికి తాత ఆవులతో వచ్చాడు. మమ్మల్ని చూసి గట్టుమీదే ఆగిపోయి "ఎన్ని?" అని అడిగాడు. "ఒకటి తాతా" అన్నాను. మాట్లాడకుండా ఆవుల్ని వెనక్కి మళ్ళించి కాలవ పక్కన నిలబెట్టాడు. గంటసేపు నిలబెట్టాడు. పాలు తీయడానికి ఆలస్యమవుతుందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

రాత్రి మేము చేసిన తప్పు ఏమిటంటే, బాణం వెళ్ళిన దారి వెంబడే గొర్రు లాగాం. బాణం ఆ దారిలోనే పొడుగ్గా పడుకుని ఉంటే గొర్రు పళ్ళు దాని పక్కనుంచే జారిపోతాయి. అడ్డంగా లాగాలి, ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి. అది ఆ పొద్దున నాకు తట్టింది. బట్ దాటాక తొమ్మిది అడుగుల దూరంలో గొర్రు పన్నుకి ఏదో తగిలి టక్కుమంది. గడ్డి విడదీస్తే రెండు వేళ్ళ లోతులో నల్లగా ఉంది. గొట్టం మీద ఆ అమ్మాయి పేరులో మొదటి అక్షరం ఉంది. ప్రతి బాణం మీద ఆడేవాళ్ళ పేరో, పొడి అక్షరాలో రాసి ఉండాలన్నది ఆట నియమమే, అది ఎంత అవసరమో అప్పుడు తెలిసింది.

ఆ అమ్మాయి బాణాన్ని పావడాకి తుడిచి, అంబులపొదిలో పెట్టి, వేళ్ళతో ఒక్కొక్కటే ముట్టుకుంటూ ఒడియాలో లెక్కపెట్టింది. ఏక, దుయి, తిని, చారి, పాంచ, ఛ. తాత గట్టుమీంచి చూసి, ఆవుల్ని వదిలాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. ఒక్క బాణానికి ఏడవడం ఏమిటని మా ఆయన తర్వాత అడిగారు. ఆయన అక్కడ లేరు కాబట్టి అడిగారు.

అప్పటినుంచి మా దగ్గర బాణాల పుస్తకం ఉంది. వచ్చేటప్పుడు ఎన్ని, వెళ్ళేటప్పుడు ఎన్ని. లెక్క సరిపోయేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళరు. ఎక్కడైనా క్లబ్ మూతపడిందంటే ఆటగాళ్ళు లేక మూతపడదు, ఈ పుస్తకం పట్టుకునే మనిషి లేక మూతపడుతుంది. నేను ఇంకే క్లబ్బూ చూడలేదు, అయినా ఇది నిజమని గట్టిగా చెప్తాను. మైదానం ఇచ్చిన ఊరికి మనమీద నమ్మకం పోతే ఎంత మంచి కోచ్ ఉన్నా ఏం లాభం?

ఇంకో విషయం కూడా చెప్పాలి. వాలంటీరు చేయాల్సిన కష్టమైన పని అతిథుల్ని ఆపడం. సంక్రాంతికి మా దగ్గర చిన్న కార్యక్రమం పెట్టారు. వచ్చిన ఒక పెద్దమనిషి ఫోటో కోసం రికర్వ్ విల్లు తీసుకుని, బాణం లేకుండా తాడు లాగి వదిలేశాడు. బాణం ఉంటే ఆ బలం బాణంతో వెళ్ళిపోతుంది. లేకపోతే మొత్తం విల్లు మీదే పడుతుంది. లింబ్, అంటే విల్లులో వంగే చెయ్యి, చీలింది. ముగ్గురు పిల్లలు వంతులేసుకుని వాడే విల్లు అది. రెండు నెలలు వాళ్ళకి విల్లు లేదు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు, పైగా శాలువా కప్పారు. ఆ రోజు కొన్న శాలువాల డబ్బుతో ఏడాదికి సరిపడా వేన్లు, జిగురు వచ్చేవి. ఇప్పుడు అతిథులు వస్తున్నారంటే విల్లులన్నిటికీ తాళ్ళు విప్పి పెట్టేస్తాను. కోపగించుకున్నవాళ్ళు ఉన్నారు, ఉండనీ.

తల్లిదండ్రుల్లోనూ కొందరితో నాకు బాధే. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు తెచ్చినప్పటినుంచి మా వైపు తెలుగు ఇళ్ళల్లో ఆడపిల్లల్ని ఈ ఆటకి పంపుతున్నారు. ఎంత సంతోషమో చెప్పలేను. కానీ వచ్చిన మొదటి వారమే "ఆ చక్రాలుండే విల్లు ఎప్పుడిస్తారు" అని అడుగుతారు. అది కాంపౌండ్. దాని ఖరీదు లక్షల్లోకి పోతుంది. ఒలింపిక్స్‌లో ఇన్నేళ్ళుగా ఆడుతున్నది రికర్వ్, 70 మీటర్లు. కాంపౌండ్ 2028 లాస్ ఏంజెలస్‌లో ఆడ, మగ కలిసి ఆడే మిక్స్‌డ్ టీమ్‌తో మొదటిసారి వస్తోంది. మన దగ్గర వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ ఉంది, 50 మీటర్లు, 30 మీటర్లు. దానితో నిలబడడం, ఊపిరి పట్టడం, వదలడం నేర్చుకున్న పిల్లలే తర్వాత ఏ విల్లయినా పట్టగలరు. వెదురు విల్లంటే చిన్నచూపు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ కొండల్లో సవరలు తరతరాలుగా పట్టింది అదే.

సరిహద్దులో ఉన్నందుకు మాకు ఇంకో పని అదనం, ఫారాలు నింపడం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత మా ఊరి పక్కనుంచే గీశారు. మేము ఒడిశాలో, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రలో. అక్కడినుంచి ఒక అబ్బాయి సైకిల్ మీద మా దగ్గరికి వస్తాడు. సాధన మా గజపతి జిల్లాలో, సెలక్షన్స్ మాత్రం శ్రీకాకుళం వెళ్ళి ఆడాలి. మా పిల్లల ఫారాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తాయి. చాలా తెలుగు ఇళ్ళల్లో తల్లులు ఒడియా మాట్లాడతారు కానీ చదవలేరు. సంతకం ఎక్కడ పెట్టాలో తెలియక గడువు దాటిపోయిన పిల్ల ఉంది. ఆటలో ఓడితే మళ్ళీ ఆడొచ్చు, ఫారం ఆలస్యమై ఏడాది పోతే ఆ పిల్లకి ఏం చెప్పాలి? మీకు రెండు లిపులు వస్తే, మీరు బాణం ముట్టుకోనక్కర్లేదు. ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి చాలు, మీ ముందు లైన్ కడతారు.

వారానికి ఎన్ని గంటలు అని కూడా అడిగారు కదా. నేను మూడు సాయంత్రాలు, ఆదివారం పొద్దున వెళ్తాను. పెళ్ళిళ్ళ సీజన్లో కుట్టుపని ఎక్కువై రెండు వారాలు వెళ్ళలేకపోయాను. ఆ రెండు వారాలూ పుస్తకం మా అమ్మాయి రాసింది, ఒక్క కొట్టివేత లేదు.

మా దగ్గర ఈ మార్గశిరంలో నాలుగు బట్లు కొత్తగా కట్టాలి. పాతపట్నం, టెక్కలి, గుణుపురం వైపు ఎవరైనా ఈ జవాబు చదువుతుంటే ఒక ఆదివారం వచ్చి పని చూడండి, మీ ఊళ్ళో మొదలుపెట్టే ముందు చెయ్యి అలవాటవుతుంది. వచ్చేటప్పుడు ఇంట్లో దబ్బనం ఉంటే తెచ్చుకోండి. మా దగ్గర రెండే ఉన్నాయి.