స్నేక్ ప్లాంట్ ఆకులను ఎక్కడ కోయాలి?

కొస ఎండిన ఆకును సగానికి కోస్తే మళ్లీ పెరుగుతుందా అని అడిగారు. పెరగదు, ఈ మొక్క ఆకు మొదలు నుంచే సాగుతుంది కనుక, కోసిన చోట మొండి అంచు అలాగే మిగిలిపోతుంది. అందువల్ల పాడైన ఆకును మట్టికి దగ్గరగా, స్పిరిట్‌తో తుడిచిన పదునైన చాకుతో మొదలంటా కోయడమే మేలు. కొస మాత్రమే గోధుమరంగుకు తిరిగితే ఆకు ఆకారాన్ని అనుసరించి ఏటవాలుగా కత్తిరించవచ్చు గానీ, నా దృష్టిలో అది కంటికి ఇంపు కోసమే.

మన గోదావరి డెల్టాలో వానాకాలపు తేమకు కుండీ మట్టి త్వరగా ఆరదు. ఆకు మొదట్లో వేలితో నొక్కితే మెత్తగా దిగి, దుర్వాసన వస్తే అది కుళ్లు. అప్పుడు కోతతో సరిపెట్టక, మొక్కను పెకలించి, కుళ్లిన దుంపను తీసివేసి, ఇసుక కలిపిన పొడి మట్టిలో నాటాలి.

కోసిన మంచి ఆకును పారవేయనక్కర లేదు. ముక్కలుగా కోసి, రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, కింది వైపు కిందికే ఉండేలా గుచ్చితే వేరు పడుతుంది. అయితే కడియం నర్సరీల్లో కొన్న పసుపు అంచు రకానికి ఈ పద్ధతిలో వచ్చే పిల్లమొక్కలు సాధారణంగా ఆ అంచును కోల్పోతాయి. దానిని నిలుపుకోవాలంటే అరటికి చేసినట్లే పిలకలను వేరు చేయాలి. ఈ ఆకులు తింటే పిల్లులకు, కుక్కలకు వాంతులవుతాయి కాబట్టి ముక్కలను వాటికి అందనీయకండి.