ఉగాదికి ముందు ఒక మధ్యాహ్నం కూర్చో, బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "ఈ ఒక్క ఏడాది లేకుండా ఉంటే బాగుండు పెద్దమ్మా" అన్నావు. అనిపించదా మరి! శ్రావణంలో మీ మామ పోయారు. దసరా అయిన వారానికే అల్లుడు బండి మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అక్టోబర్ ఆఖర్లో మొంథా తుఫాను వానకు చేన్లో విచ్చిన పత్తంతా తడిసి నల్లబడింది. ఇన్ని జరిగినంక, జీవితమంటే ఉగాది పచ్చడి లాంటిదని చెప్పి నిన్ను సముదాయించను. మీ పెదనాన్న పోయిన ఏడాది నాకు ఆ మాట చెప్పనివాళ్లు లేరు, ఒక్కసారీ అది నా కడుపులో దుఃఖాన్ని తగ్గించలేదు. నన్ను నిలబెట్టిన పద్ధతి వేరే ఉంది. అది చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఈసారి 2026 మార్చి 19న ఉగాది. గుళ్లో పంతులు గారు రాబోయే ఏడాదికి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం చదువుతారు కదా. నేను అంతకంటే ముందే, వెళ్లిపోయే ఏడాది లెక్క నా చేత్తో నేనే రాసుకుంటాను. నువ్వూ రాయి. రాత్రిపూట మాత్రం వద్దు, చీకట్లో చిన్న కష్టం కూడా పెద్దగా కనపడుతుంది. అన్నం తిన్నాక, పిల్లలు బడిలో ఉన్నప్పుడు కూర్చో. కూలి లెక్కల నోట్‌బుక్, దవాఖాన ఫైలు, ఫోన్‌లో ఫోటోలు పక్కన పెట్టుకో. మనసుకు చెడ్డరోజులే గుర్తుంటాయి, కాగితాల్లో మిగతావి కూడా దొరుకుతాయి.

ముందు పోయింది పోయినట్టు రాయి, తగ్గించకు. పత్తినే తీసుకో. తేమ 8 శాతం లోపు ఉంటే, సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ వాళ్లు పొడవు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయలు ఇచ్చారు, 12 శాతం దాటితే కొననే లేదు. నీకు ఆ ధర వస్తే ఎంత చేతికొచ్చేది, తడిసిన పత్తిని బయట వ్యాపారికి ఎంతకు తెగనమ్మావు, ఆ తేడా అంకె వేసి రాయి. రాయనంత కాలం ఆ నష్టం రోజుకింత పెరుగుతూనే ఉంటుంది, రాస్తే ఒకచోట ఆగుతుంది. మీ మామ సంగతి అంకెల్లో రాసేది కాదు. ఆయన పేరు రాసి, కింద నీకు ఏం గుర్తొస్తే అది రాసుకో. ఏడుపొస్తే ఏడువు.

ఇక అసలు పని. ప్రతి నెల పక్కన, ఆ నెలలో నీకు ఆసరా అయిన మనుషుల పేర్లు రాయి. "అందరూ బాగానే చూసుకున్నారు" అని రాస్తే లాభం లేదు, ఎవరు ఏం చేశారో రాయాలి. నువ్వే నాకు ఫోన్‌లో చెప్పిన సంగతులు గుర్తు చేస్తాను. చావు జరిగిన ఇల్లని ఈసారి మీరు బతుకమ్మ ఎత్తలేదు. సద్దుల రోజు రాత్రి ఎదురింటామె చెరువు దగ్గరి నుంచి నేరుగా మీ ఇంటికే వచ్చి, తడి కొంగుతోనే, పిల్లల చేతిలో మలీద ముద్దలు పెట్టింది. తుఫాను తర్వాత పత్తి ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు కైకిలి పైసలు అడగలేదు, "అమ్మినంక ఇయ్యి అక్కా" అన్నారు. తడిపత్తి ఇల్లంతా పరిచి, ఫ్యాన్లు పెట్టి, మీరు వంటింట్లో పడుకున్న ఆ నాలుగు రాత్రులూ పక్కింటివాళ్లు పిల్లల్ని తమ దగ్గర పడుకోబెట్టుకున్నారు. దవాఖానలో అల్లుడి పక్క బెడ్ ముసలాయన కొడుకు, మీకేమీ కాని పిల్లాడు, నువ్వు ఊరికి వచ్చిన రోజు అల్లుడిని బాత్‌రూమ్‌కు పట్టుకుని తీసుకెళ్లాడు. ఇవన్నీ ఈ ఏడాదిలో జరిగినవే బిడ్డా. ఏడాదిని కొట్టేస్తే వీళ్లను కూడా కొట్టేసినట్టే.

కష్టం వచ్చినందుకు దేవుడికి దండం పెట్టమని ఎవరైనా అంటే విని ఊరుకో. అంతా మన మంచికే అనే మాట నేను ఎప్పటికీ ఒప్పుకోను. మీ మామ పోవడంలో మంచేముంది? నీ కృతజ్ఞత మనుషులకు చెప్పు. చెప్పడమంటే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టడం కాదు. ఒక్కొక్కరి ఇంటికి పోయి పది నిమిషాలు కూర్చుని, "ఆ రోజు నువ్వు రాకపోతే నేను ఏమైపోయేదాన్నో" అని నోటితో చెప్పాలి. కైకిలి బాకీ ఉంటే మాత్రం ముందు అది ఇచ్చి తర్వాత మాట చెప్పు. మేడారం సమ్మక్క మొక్కు గురించి కూడా బెంగపెట్టుకోకు. జనవరి జాతరకు పోలేకపోయినా గద్దెల దగ్గరికి జనం ఏడాది పొడవునా పోతూనే ఉంటారు. అల్లుడు బాగా నడిచినప్పుడు ఎత్తు బంగారం, అదే మనిషి బరువుకు సరిపడా బెల్లం, ఇచ్చి రండి, తల్లి ఏమీ అనుకోదు.

అల్లుడు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని, ఎవరితోనూ మాట్లాడటం లేదని అన్నావు. నాకు అన్నిటికంటే ఇదే టెన్షన్‌గా ఉంది. ఆ నోట్‌బుక్ ఆయన ముందు పెట్టి లెక్క అడగకు. ఆయన పక్కన కూర్చుని పేర్లున్న పేజీ ఒక్కటి చదివి వినిపించు. ఇంట్లో కూర్చున్న మగవాడికి తాను భారమైపోయానన్న ఆలోచనే ఎక్కువ తినేస్తుంది. మాట తేడాగా అనిపిస్తే, బతకాలని లేదన్నట్టు ఏమన్నా అంటే, ఒంటరిగా వదలకు, నాకు ఏ రాత్రయినా ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని సర్కారు ఫోన్ ఉంది, నంబర్ 14416, పైసలు పడవు, తెలుగులో మాట్లాడతారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

రేపటి మీద ఆశ కూడా కాగితం మీదే పెట్టుకో. బయట తెచ్చిన అప్పు నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి అన్నావు, అంటే ఏడాదికి 36 శాతం. మక్కలు అమ్మిన పైసలు వస్తే ముందు ఆ అప్పే తగ్గించు, బ్యాంకుది తర్వాత చూడొచ్చు. వానాకాలానికి ఉన్న భూమంతా పత్తే పెట్టకండి. ఒక ఎకరం పెసర వేస్తే రెండు నెలల పైచిలుకులో చేతికొస్తుంది, పిల్లల బడి ఖర్చులకు అక్కరకొస్తుంది. మిగతా పత్తిలో కంది సాళ్లు వేయండి. అంతకుమించి పెద్ద నిర్ణయాలేవీ ఇప్పుడు వద్దు, భూమి అమ్మే మాటయితే అసలే ఎత్తకండి.

ఈసారి మీకు పండుగ లేదు కాబట్టి ఉగాది దాటిన ఆదివారం నలుగురూ హనుమకొండకు రండి. నర్సంపేటలో పొద్దున బస్సెక్కితే అన్నం వేళకు ఇంట్లో ఉంటారు. అల్లుడు మెట్లెక్కే పని లేకుండా కింది గదిలో మంచం వేయించాను. నోట్‌బుక్ తెచ్చుకో, మిత్తి లెక్క ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ