బీర పాదుకు బూడిద తెగులు: మేనల్లుడికి అత్తయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి ఒక్కొక్క ఆకూ చూశాను. బీర పాదు మొదట్లో ముదురు ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలున్నాయి. సొర తీగ అడుగున రెండు ఆకులు పూర్తిగా తెల్లబడి అంచులు ఎండాయి. కొనల దగ్గర లేత ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఇది బూడిద తెగులే, సందేహం లేదు. పాదులు పీకేసి కుండీల్లో మట్టి మార్చేయనా అని అడిగావు. రెండూ వద్దు. కొనలు పచ్చగా ఉన్నాయంటే పాదు ఇంకా చేయి దాటిపోలేదు.

ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకో నాయనా. తెల్లబడి ఎండిన ఆకు ఏ మందు కొట్టినా మళ్లీ మునుపటిలా కాదు. మనం చేసే పనంతా రాబోయే ఆకు కోసం. ఈ సంగతి తెలియని వాళ్లు మందు కొట్టిన మర్నాడు పాత మచ్చలు చూసి, పని చేయలేదనుకొని, ఇంకా ఘాటైనది తెచ్చి కొడతారు. అలా రెండో మందుకు మాడిపోయిన పాదులను ఈ చుట్టుపక్కల మిద్దెల మీద చాలా చూశాను.

మట్టి ఎందుకు మార్చక్కర్లేదో చెబుతాను. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం బతికున్న ఆకు మీదే బతుకుతుంది. ఆకు పైపొరలోకి సన్నని వేళ్ల వంటివి దింపి రసం పీలుస్తుంది. నీ కంటికి కనిపించే ఆ తెల్లని పొడి దాని దారాలూ, వాటి చివర గొలుసుల్లా పుట్టే బీజాలూ. ఆ బీజాలు గాలికి లేచి పక్క ఆకు మీద, పక్క మిద్దె మీద వాలతాయి. కుండీ మట్టిలోంచి వేరు పట్టుకొని పైకెక్కేది కాదు ఇది. కాబట్టి నువ్వు కష్టపడి తయారు చేసుకున్న ఎర్రమట్టి, పశువుల ఎరువు మిశ్రమాన్ని పారబోయకు.

తెగుళ్లన్నీ తడి వల్లే వస్తాయని నీళ్లు తగ్గించానని రాశావు. అది చేయకు. చాలా తెగుళ్లకు ఆకు మీద తడి కావాలి కానీ దీనికి అక్కర్లేదు. దీని బీజంలోనే మొలకెత్తడానికి సరిపడా నీరు ఉంటుంది. పైగా ఆకు మీద నీరు నిలిస్తే చాలా బీజాలు దెబ్బతింటాయి. అందుకే కుండపోత వానల్లో ఇది పెద్దగా కనిపించదు. వానలు వెనకబడి, రాత్రి చల్లబడి గాలిలో చెమ్మ పెరిగి, పగలు 25, 28 డిగ్రీల మెత్తని ఎండ కాసే రోజుల్లో విజృంభిస్తుంది. మన దగ్గర కార్తీకం నుంచి మాఘం దాకా దాని కాలమే. ఇక్కడ నూజివీడు వైపు మామిడి పూతకు కూడా ఆ రోజుల్లోనే బూడిద పడుతుంది. పూగుత్తి తెల్లబడి, పిందె కట్టకుండానే రాలిపోతుంది. డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో మినుముకూ అప్పుడే వస్తుంది. ఏప్రిల్‌లో ఎండ ముదిరి 38 డిగ్రీలు దాటితే దానంతట అదే నెమ్మదిస్తుంది.

పేరు ఒకటే అయినా మామిడి మీది శిలీంధ్రం వేరు, మినుము మీదిది వేరు, గులాబీ మీదిది వేరు. నీ గులాబీ కుండీని చూసి బీర పాదు గురించి భయపడకు. కానీ బీర, సొర, దోస, గుమ్మడి, కాకర ఒకే కుటుంబం. ఒకదానికి వచ్చింది మిగతావాటికీ పాకుతుంది. రోజూ చూడాల్సింది వాటినే.

చూడటం కూడా ఒక పనే. నిలబడి పైనుంచి చూస్తే తెలియదు. పాదు మొదట్లో నీడన ఉన్న ముదురు ఆకును తిప్పి అడుగు భాగం చూడు. మొదటి మచ్చ శనగ గింజంత ఉంటుంది, చాలాసార్లు అక్కడే పుడుతుంది. వేలితో రుద్దు. పొడి వేలికి అంటి, కింద ఆకుపచ్చ బయటపడితే తెగులు. కొన్ని గుమ్మడి రకాల ఆకుల మీద ఈనెల వెంట తెల్లటి చారలు పుట్టుకతోనే ఉంటాయి, ఎంత రుద్దినా పోవు. అవి చూసి మందు కొట్టేవాళ్లున్నారు. బూడిద గుమ్మడి కాయ మీది తెల్లని పూత కూడా తెగులు కాదు. అది కాయ ముదిరే కొద్దీ వచ్చే మైనం, తుడవకు. మిరపకైతే తీరు వేరు. శిలీంధ్రం ఆకు లోపల పెరిగి, పైన పసుపు మచ్చగానూ అడుగున పల్చని తెలుపుగానూ కనిపిస్తుంది. కాబట్టి మిరపను తిప్పి చూడనిదే తెలియదు.

ఇక పని. ముందు కత్తిరింపు. సగానికి పైగా తెల్లబడిన ఆకులను కాడతో సహా తీసేయి. పొడిగా ఉన్నప్పుడు లాగితే బీజాలు పొగలా లేచి మంచి ఆకుల మీద పడతాయి. అందుకని ముందు స్ప్రేయరుతో ఆ ఆకును నీటితో తడుపు, కింద కవరు పట్టుకో, అప్పుడు కత్తిరించి నేరుగా కవరులో వేసి మూతి కట్టు. పందిరి కిందే వదిలేయకు. ఒకేసారి పాదులో మూడో వంతుకు మించి ఆకులు తీయకు. ఆకు లేకపోతే కాయ ఎండకు మాడుతుంది, పాదు నీరసిస్తుంది. మచ్చలు అక్కడక్కడే ఉన్న ఆకులను ఉండనివ్వు, మందు వాటికే.

నీ పందిరి నీళ్ల ట్యాంకు గోడకు ఆనుకొని ఉన్నట్టుంది. మధ్యాహ్నం దాకా అక్కడ ఎండ పడదు, గాలీ ఆడదు. వీలైతే కుండీలను ఒక అడుగు ముందుకు జరుపు. పక్క తీగలు అల్లుకుపోయి గుబురైన చోట కొన్ని కొనలు తీసేసి లోపలికి వెలుతురు పడేలా చెయ్యి. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు వారం వారం పోస్తున్నావన్నావే, అది ఆపు. నత్రజని ఎక్కువైతే ఆకు పెద్దగా, మెత్తగా, నీరు పట్టి పెరుగుతుంది. బూడిద తెగులుకు అలాంటి ఆకే ఇష్టం. నీళ్లు మాత్రం క్రమం తప్పకుండా మొదట్లో పోస్తూ ఉండు.

మందుల్లో నేను ముందు చెప్పేది పాలు. ఇది వట్టి చిట్కా కాదు. బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త గుమ్మడి జాతికే చెందిన జుకినీ మీద ఆవుపాలు పిచికారీ చేసి, పది శాతం పాల నీళ్లు వారం వారం కొడితే రసాయన మందులకు దీటుగా బూడిద తెగులును అదుపు చేస్తాయని 1999లో ప్రచురించారు. 100 మిల్లీలీటర్ల పాలకు 900 మిల్లీలీటర్ల నీళ్లు. వెన్న తీసిన పాలయితే వాసన తక్కువ. పాలు ఎండ తగిలినప్పుడే బాగా పని చేస్తాయి కాబట్టి ఉదయాన్నే కొట్టు. ఆకు పైన, అడుగున రెండు వైపులా తడవాలి. వారానికొకసారి ఆపకుండా చెయ్యి. పాలు ఎక్కువ కలిపితే ఎక్కువ గుణం ఉంటుందనుకోకు, చిక్కబడితే ఆకు మీద వేరే బూజు పడుతుంది. మన రైతులు పులిసిన మజ్జిగను పలుచన చేసి ఇదే పనికి వాడతారు. మజ్జిగ వాడితే మాత్రం పలుచని గుడ్డలో వడకట్టు, లేకపోతే స్ప్రేయరు మూతి పూడుకుపోతుంది.

పాలతో నెమ్మదించకపోతే వంట సోడా. లీటరు నీటికి ఒక చెంచా, అంటే 5 గ్రాములు, ఆకుకు అంటుకోవడానికి గిన్నెలు తోమే ద్రవ సబ్బు నాలుగైదు చుక్కలు. తినే సోడా మాత్రమే వాడు, బట్టల సోడా వేస్తే ఆకులు కాలిపోతాయి. ముందు ఒక్క ఆకు మీద కొట్టి మర్నాటి దాకా ఆగి చూడు. మిట్టమధ్యాహ్నం కొట్టకు. సోడాలో సోడియం ఉంటుంది, కుండీ మట్టిలో చేరితే వేరుకు చేటు. పిచికారీ చేసేటప్పుడు కుండీ మీద పాత పేపరు కప్పు. నెలల తరబడి సాగించే మందు కాదిది. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, సబ్బుతో బాగా కలిపి సాయంత్రం కొట్టవచ్చు. తెగులు మొదట్లోనే దాని గుణం కనిపిస్తుంది.

గంధకం గురించి నీకు ఎవరో చెప్పారన్నావు. బూడిద తెగులు మందులన్నిటిలోకి పెద్దది అదే. 1845లో ఇంగ్లండులోని మార్గేట్‌లో టక్కర్ అనే తోటమాలి ద్రాక్ష తీగల మీద ఈ తెగులును గమనించాడు. కొద్ది ఏళ్లలోనే అది ఫ్రాన్సుకు పాకి, 1850ల మొదట్లో అక్కడి ద్రాక్ష తోటలను కుదేలు చేసింది. వాటిని నిలబెట్టింది గంధకం పొడే. ఇప్పుడు దుకాణాల్లో నీటిలో కరిగే గంధకం దొరుకుతుంది, లీటరుకు 3 గ్రాములు వేసి గులాబీకీ మామిడికీ వాడతాం. కానీ నీ బీరకు, దోసకు వద్దు. ఈ కుటుంబం ఆకులు గంధకానికి తేలిగ్గా కాలతాయి. ఏ మొక్కకైనా 32 డిగ్రీలు దాటిన ఎండలో గంధకం కొట్టకూడదు. వేపనూనె కొట్టిన మొక్క మీద కనీసం రెండు వారాలు గడవనిదే కొట్టకూడదు. గులాబీకి కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు పెట్టుకో.

దుకాణంలో ‘తెల్ల మచ్చలు’ అని మాత్రం చెబితే చాలాసార్లు రాగి మందు చేతిలో పెడతారు. అది బూజు తెగులుకు. బూజు తెగులులో ఆకు పైన ఈనెల మధ్య పలకలు పలకలుగా పసుపు మచ్చలు, అడుగున బూడిద ఊదా కలిసిన బూజు కనిపిస్తాయి. దానికి ఆకు తడిగా ఉండాలి. ఫ్రాన్సులో మిలార్డే 1885లో ప్రకటించిన బోర్డో మిశ్రమం పుట్టింది ఆ బూజు కోసమే. నీకు వచ్చింది అది కాదు. మొక్క ఒళ్లంతా పాకే రసాయన మందులూ ఉన్నాయి, పొలంలో వాడతారు. డబ్బా మీద మందుకూ కోతకూ మధ్య ఆగాల్సిన రోజులు రాసి ఉంటాయి. రెండు రోజులకొకసారి కాయ కోసి పిల్లలకు కూర వండే మిద్దె మీద ఆ లెక్క పాటించడం కుదరదు. కాబట్టి వాటి జోలికి వెళ్లకు.

ఇంకొకటి నీ ఫొటోల్లో నువ్వు గమనించనిది ఉంది. సొర ఆకు మీద నిగనిగలాడే పసుపు రంగు చిన్న పెంకు పురుగు కనిపించింది. దాన్ని చంపకు. ఇల్లీస్ జాతి అక్షింతల పురుగుల్లో ఈ పసుపుది ఆకు తినదు, ఆ తెల్ల శిలీంధ్రాన్నే మేస్తుంది. దాని పిల్లలు కూడా పసుపుగా, ఒంటి మీద నల్లచుక్కలతో, నున్నగా ఉండి ఆ పొడినే గీకి తింటాయి. అవి తిరిగిన చోట మచ్చ మధ్యలో ఆకుపచ్చ దారులు కనిపిస్తాయి. మనకు శత్రువు ఇటుక రంగు మీద నల్లచుక్కలున్న వంగ అక్షింతల పురుగు. దాని పిల్లకు ఒళ్లంతా ముళ్లుంటాయి, ఆకును జల్లెడ చేసి వదులుతుంది. రెండూ చూసి తేడా పట్టుకో. పసుపువి ఎక్కువగా ఉన్న ఆకు మీద సబ్బు నీళ్లు, సోడా కొట్టకుండా వదిలేయి.

కాయలు తినవచ్చా అని వదిన అడిగిందట. నిశ్చింతగా తినండి. బీర, సొర కాయల మీద ఈ తెగులు పెద్దగా రాదు. కడిగి, చెక్కు తీసి వండుకుంటే చాలు. ఆకులు పోయిన తీగ కాయలు మాత్రం చిన్నగా, కొంచెం చప్పగా ఉంటాయి.

ఇన్నీ చేసినా పాదు ముసలిదైతే తెగులు గెలుస్తుంది. మూడు నెలలు కాసిన బీరను ఇంకా సాగదీయాలని చూడకు. కొత్త ఆకులు కూడా విచ్చుకున్న వారానికే తెల్లబడుతున్నాయంటే తీసేయి. కొత్త దోస గింజలు పెట్టానని రాశావు, ఆ నారు కుండీలు పాత పందిరి కిందే ఉన్నాయా? వెంటనే మిద్దె అవతలి మూలకు, గాలి వచ్చే వైపుకు మార్చు. ముసలి పాదు పక్కన లేత పాదు పెరుగుతుంటే శిలీంధ్రానికి బతికున్న ఆకు ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది, అది మిద్దె దిగదు. పాత తీగలు తీశాక కొన్ని వారాలు ఆ చోట తోటకూర, ముల్లంగి వేసుకో. వచ్చే ఏడు పాదులు తొలకరికే పెట్టు, చలి వచ్చేసరికి సగం కాపు తినేసి ఉంటారు. విత్తనాల పొట్లం మీద బూడిద తెగులును తట్టుకునే రకమని రాసి ఉంటే రెండు రూపాయలు ఎక్కువైనా అదే కొను.

పైకొమ్మన ఉన్న ఆ పొడవాటి బీరకాయను కోయకుండా గింజకు వదిలేయి. ఈ తెగులు బీర గింజ ద్వారా రాదు కాబట్టి భయం లేదు. కాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమన్నాక కోసి పంపు, నాకూ నాలుగు గింజలు కావాలి.

అన్నయ్యకూ వదినకూ నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు
మీ అత్తయ్య