లండన్‌లోని మేనేజర్‌ను అదనపు మనుషులు కావాలని ఇంగ్లిషు మెయిల్‌లో అడగడం ఎలా?

గచ్చిబౌలిలో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగానికి మీరు టీమ్ లీడ్, ఆరుగురి పని ఏప్రిల్ నుంచి నలుగురి మీద పడింది, మేనేజర్ లండన్‌లో ఉంటారు. మరో ఇద్దరు కావాలని, చేతకాక అడుగుతున్నారని అనిపించుకోకుండా ఇంగ్లిషులో ఎలా రాయాలన్నది మీ ప్రశ్న. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఇంగ్లండు సరఫరాదారుల ఇన్‌వాయిస్‌లు చూసే బృందాన్ని నేను చాలాకాలం నడిపాను కనుక, ఇలాంటి మెయిళ్లు రాయడమే కాక, మా వాళ్లు రాసినవాటిని పైకి పంపడం కూడా నా పనిగా ఉండేది.

ముందుగా గమనించవలసింది, మీ మెయిల్‌పై నిర్ణయం తీసుకునేది బహుశా మీ మేనేజర్ కాదు. హెడ్‌కౌంట్, అంటే సిబ్బంది సంఖ్య, పెంచే అధికారం చాలామంది మేనేజర్లకు ఉండదు; ఆయన దానిని తన పైవారికో బడ్జెట్ చూసేవారికో ఫార్వర్డ్ చేస్తారు. మీ బృందం గురించి ఏమీ తెలియని ఆ వ్యక్తి, మరెవరినీ అడగకుండా, ఒక్కసారి చదివి అవుననో కాదనో చెప్పగలిగేలా మెయిల్ ఉండాలి.

కష్టాలన్నీ చెప్పుకుని చివర్లో మొహమాటంగా అసలు సంగతి అడగడం మన అలవాటు. మా సహోద్యోగిని ఒకరు ‘హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ వెల్’ అని మొదలుపెట్టి, సెలవులు, రాజీనామాలు, సిస్టమ్ సమస్యలు అన్నీ వివరించి, ఆఖరి వాక్యంలో ఒక మనిషిని అడిగితే, ‘నోటెడ్, థాంక్స్’ అని మాత్రమే జవాబు వచ్చింది. అదే మెయిల్‌లో ఆఖరి వాక్యాన్ని పైకి తెచ్చి, మిగిలిన దానిలో సగం తీసేసి మళ్లీ పంపితే, ఒక కాంట్రాక్టర్‌ను మంజూరు చేశారు. మీరు కూడా అడిగేది మొదటి వాక్యంలోనే అడగండి: ‘ఐ యామ్ రైటింగ్ టు రిక్వెస్ట్ టూ టెంపరరీ ప్రాసెసర్స్ ఫ్రమ్ జూలై టు సెప్టెంబర్’ (ప్రాసెసర్లంటే ఇన్‌వాయిస్‌లు చూసే ఉద్యోగులు). ఇక్కడ ‘రిక్వెస్ట్’ క్రియాపదం కనుక దాని పక్కన ‘ఫర్’ రాదు.

తరువాత కారణం. ‘వుయ్ ఆర్ వెరీ మచ్ ఓవర్‌లోడెడ్’ అంటే ఎంత భారమో ఎవరికీ తెలియదు. ‘సిన్స్ ఏప్రిల్, ఫోర్ పీపుల్ హావ్ బీన్ డూయింగ్ ద వర్క్ ఆఫ్ సిక్స్, అండ్ ఇన్‌వాయిసెస్ ఓల్డర్ దాన్ 30 డేస్ హావ్ రిజెన్ ఫ్రమ్ 120 టు 410’ అంటే తెలుస్తుంది (ఈ అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి). బ్రిటన్‌లో 1998 నాటి ఆలస్య చెల్లింపుల చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే నిబంధన లేకపోతే, గడువు దాటిన బిల్లుపై బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బేస్ రేటు కంటే 8 శాతం ఎక్కువ వడ్డీని, బిల్లు మొత్తాన్ని బట్టి 40 నుంచి 100 పౌండ్ల పరిహారాన్ని సరఫరాదారు అడగవచ్చు. పైగా అక్కడి పెద్ద కంపెనీలు తాము ఎన్ని రోజుల్లో చెల్లిస్తున్నామో ఏడాదికి రెండుసార్లు బహిరంగంగా ప్రకటించాలి. మీ వాళ్లు రాత్రి పది దాకా కూర్చుంటున్నారన్న మాట కంటే ఈ ఖర్చు గురించిన ఒక వాక్యం అక్కడ ఎక్కువ పని చేస్తుంది. న్యాయమా అంటే కాదు, కానీ బడ్జెట్ చూసే మనిషి చదివేది అదే.

చేతకానితనం అనిపిస్తుందేమోనన్న మీ భయానికి జవాబు మెయిల్‌లో మూడో భాగంలో ఉంది. మనుషుల్ని ఇవ్వకపోతే ఏ పని ఆగుతుందో మీరే చెప్పి, ఎంపికను వారికి వదలండి: ‘విత్ ద కరెంట్ టీమ్, వుయ్ కెన్ మీట్ ద మంత్-ఎండ్ డెడ్‌లైన్ ఆర్ క్లియర్ ద బ్యాక్‌లాగ్, బట్ నాట్ బోత్. ఇఫ్ టూ పీపుల్ ఆర్ నాట్ పాసిబుల్, షుడ్ వుయ్ పుట్ వెండర్ స్టేట్‌మెంట్స్ ఆన్ హోల్డ్ అంటిల్ అక్టోబర్?’ (బ్యాక్‌లాగ్ అంటే పేరుకుపోయిన పని, వెండర్ స్టేట్‌మెంట్లంటే సరఫరాదారులు పంపే ఖాతా లెక్కలు.) ఇలా రాసినవారిని పని చేయలేనివారిగా చూడటం నాకు ఎప్పుడూ కనిపించలేదు. అన్నిటికీ సరేనని చెప్పి నెలాఖరున చేతులెత్తేసినవారికే ఆ పేరు వస్తుంది.

మర్యాద కోసం ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ వద్దు. అక్కడివారికి అది పాతకాలపు సర్కారు ఆఫీసు భాషలా వినిపిస్తుంది, పైగా ఏం చేయాలో చెప్పదు. ‘వుడ్ ఇట్ బి పాసిబుల్ టు’, ‘కుడ్ వుయ్’ అన్న రెండు రూపాలతో మెయిల్ మొత్తం గడిచిపోతుంది. సబ్జెక్ట్‌లో ‘అర్జెంట్’ బదులు, చివర ‘కుడ్ యూ లెట్ మీ నో బై ఫ్రైడే?’ అని గడువు ఇవ్వండి. మనుషుల్ని ‘రిసోర్సెస్’ అనడం మన ఫ్లోర్ మీద మామూలే అయినా, ‘పీపుల్’ అంటే సరిపోతుంది. ‘సర్’ అవసరం లేదు, పేరుతో సంబోధించండి. వేసవిలో మన మధ్యాహ్నం ఒకటిన్నరకు పంపితే అక్కడ ఉదయం తొమ్మిదవుతుంది.

వీలైతే వారపు కాల్‌లో ముందే ఒక మాట చెవిన వేసి, ఆ తరువాత ‘యాజ్ డిస్కస్డ్’ అని మెయిల్ పెట్టండి. కాదని జవాబు వచ్చినా, ‘థాంక్స్ ఫర్ లెటింగ్ మీ నో. ఐ విల్ గో అహెడ్ ఆన్ ద బేసిస్ దట్ వెండర్ స్టేట్‌మెంట్స్ మూవ్ టు అక్టోబర్’ అని అదే మెయిల్‌కు రిప్లై ఇవ్వండి. సెప్టెంబర్‌లో ఆ స్టేట్‌మెంట్ల గురించి ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర అదే ఉంటుంది.